ఎడమవైపు మార్జిన్

"ఒక్క గీత కనపడితే చెప్పండి, నా పేరు మార్చుకుంటాను," అంది ఆ అమ్మాయి, పుస్తకాన్ని కౌంటర్ మీద తెరిచిపెడుతూ.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. తర్వాత ఎన్నిసార్లు తనని తాను తిట్టుకుందో! కానీ అప్పటికి మాత్రం ఆమెకి గర్వంగానే ఉంది మరి. రెండు వందల అరవై పేజీల పాత నవల. సగానికి పైగా పేజీల్లో ఎడమవైపు మార్జిన్ నిండా పెన్సిల్ రాతలు, అడుగు గీతలు, ప్రశ్నార్థకాలు, ఒకచోట నాలిక బయటపెట్టిన మొహం కూడా. రెండు రోజులు మెడ పట్టేసేదాకా కూర్చుని, కాగితం నలక్కుండా మెత్తటి రబ్బరుతో అన్నీ తుడిచేసింది.

కౌంటర్ అవతల నిలబడ్డ అతను ఒక పేజీ తిప్పాడు. ఇంకో పేజీ. మళ్ళీ వెనక్కి. లావుపాటి కళ్ళద్దాల వెనక కళ్ళు ఇంకా పెద్దవయ్యాయి.

"ఇందులో రాతలు ఉండాలి," అన్నాడు.

"బోలెడున్నాయండీ! ఎవరో గానీ పుస్తకాన్ని పాడుచేసి పెట్టారు. అన్నీ తీసేశాను."

"తీసేశారా?"

"పూర్తిగా."

అతను పుస్తకం మూశాడు. మళ్ళీ తెరిచాడు, ఈసారైనా కనపడతాయేమోనన్నట్టు.

"అది మా అక్క," అన్నాడు.

"రాసింది మీ అక్కగారా? అయ్యో, ముందే ఒక మాట చెప్పాల్సిందండీ. పోనీ, ఆవిడ చేతే మళ్ళీ..."

"పోయి ఏడాదిన్నరయింది."

ఆ అమ్మాయి చేతిలో ఇంకా రబ్బరు ముక్క ఉంది. దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

ఆ బైండింగ్ షాపుకి వచ్చేవి ఎక్కువగా లైబ్రరీ పుస్తకాలు. కుట్టు వేసే ముందు పెన్సిల్ రాతలన్నీ తుడవాలని లైబ్రరీ వాళ్ళ షరతు. పదేళ్ళుగా బాబాయి దగ్గర పని చేస్తున్న ఆ పిల్లకి, పుస్తకంలో రాత అంటే బట్ట మీద మరకతో సమానం. బాబాయేమో ఇతని పుస్తకం తీసుకుని, విడిగా చీటీ పెట్టడం మర్చిపోయి, లైబ్రరీ కట్టలో దోపేశాడు. అంతే. ఎవరూ కావాలని చేసింది కాదు, కానీ అయిపోయింది.

"గుర్తున్నంతవరకూ మళ్ళీ రాసుకుంటే..." అన్నాడు బాబాయి నీళ్ళు నములుతూ.

"నేను చదవలేదండీ."

"చదవలేదా?"

"అక్క ఆస్పత్రిలో చదువుకున్న పుస్తకం ఇది. ఆఖరిది. తెరిచే ధైర్యం లేక బీరువాలో పెట్టాను. మొన్న ఎలాగో తెరిస్తే కాగితాలు ఊడి చేతిలోకొచ్చాయి. ఒక్క కాగితం కూడా పోకూడదని ఇక్కడికి తెచ్చాను." అతను కోప్పడలేదు. కోప్పడితే బాగుండునని ఆ అమ్మాయికి అనిపించింది.

పుస్తకం చంకలో పెట్టుకుని అతను మెట్లు దిగుతుంటే, ఆమెకి ఒక్కసారిగా గుర్తొచ్చింది.

"ఆగండి! ఇంకా ప్రెస్‌లో పెట్టలేదు!"

అట్ట వేశాక పుస్తకాన్ని ఇనుప ప్రెస్‌లో బిగించి ఒక రోజంతా ఉంచుతారు. ఆ బిగువుకి కాగితంలో ఉన్న సొట్టలన్నీ చదునైపోతాయి. ఈ పుస్తకం రేపు ప్రెస్‌లోకి వెళ్ళాల్సింది, అతనే ఒకరోజు ముందు చూసిపోదామని వచ్చాడు. ఆమె అతని చేతుల్లోంచి పుస్తకం దాదాపు లాక్కుని, కిటికీ దగ్గరికి పరుగెత్తి, ఏటవాలుగా పడుతున్న ఎండకి పేజీని పక్కకి వంచింది.

తెల్లటి మార్జిన్‌లో సన్నటి నీడలు లేచాయి. పెన్సిల్ పోయింది గానీ పెన్సిల్ నొక్కిన చోటు పోలేదు.

అతను పక్కకొచ్చి వంగి, కళ్ళు చికిలించి, అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు. "అబద్ధం... ఆకలేసినవాడు... ఇంత చక్కగా... మాట్లాడడు."

చదివి ఫక్కున నవ్వాడు. నవ్వు సగంలోనే ముఖం అటు తిప్పేసుకున్నాడు. అటు తిరిగే అన్నాడు, "గీత కనపడింది."

"ఆఁ?"

"కనపడితే పేరు మార్చుకుంటానన్నారు. రబ్బరు అని పెట్టుకోండి."

అదీ వాళ్ళ పరిచయం.

*

షాపు కిటికీలోంచి ఏటవాలు ఎండ పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిది దాకానే పడుతుంది. అతను రెండు వీధుల అవతల కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే పని చేస్తాడు. అది తొమ్మిదిన్నరకి తెరుస్తారు. కాబట్టి రోజూ ఎనిమిదికల్లా భూతద్దం జేబులో వేసుకుని వచ్చేవాడు. ఆమె పేజీని వంచి పట్టుకుంటే అతను చదివేవాడు, అతనికి అందనిది ఆమె చెప్పేది. అన్నీ ఒక నోట్‌బుక్కులో, పేజీ నంబరు వేసి రాసుకునేవాడు.

"మీకెలా అందుతున్నాయండీ? నాకు భూతద్దంలో కూడా కనపడట్లేదు," అన్నాడు మూడో రోజు.

ఆమె నాలిక కరుచుకుంది. "తుడుస్తూ చదివానండీ. చదవకుండా తుడవడం నాకు రాదు."

అతను ఆమె వంక అదోలా చూశాడు. తన అక్క ఆఖరి మాటలు ప్రపంచంలో చదివిన మనిషి ఎవరైనా ఉంటే, వాటిని చెరిపేసిన ఈ పిల్ల ఒక్కతే.

"మీ ఇంట్లో అందరూ పుస్తకాల మీద ఇలాగే రాస్తారా?"

"అక్క రూలు. కొనుక్కుంటే పుస్తకం మనది కాదు, దాంతో దెబ్బలాడితేనే మనది అనేది. పెన్సిల్ లేకుండా చదివితే తిట్టేది. ఎడమవైపు మార్జిన్ తనది, కుడివైపుది నాది. తను చదివి, నా మంచం మీద విసిరేసేది. నేను కుడివైపు జవాబు రాయాలి. ఒక్కో పుస్తకానికి నెల రోజులు కొట్లాట."

"నేను ఇంతవరకూ ఏ పుస్తకంలోనూ చుక్క కూడా పెట్టలేదు."

"తెలుస్తూనే ఉంది రబ్బరుగారూ."

ఆ నవల ఓడలో వంట చేసేవాడి కథ. ఇంటి మీద అలిగి వెళ్ళిపోయి, ప్రతి రేవులోనూ ఇంటికి వెళ్దామనుకుని వెళ్ళకుండా తిరుగుతుంటాడు. అక్కకి వాడంటే పీకల దాకా కోపం. 'వీడికి రెండు తగిలించేవాళ్ళు లేరా?' అని ఒక పేజీలో. 'ఈ వాక్యం బాగుంది, దొంగిలించు' అని ఇంకో పేజీలో. 'ఒరేయ్ సోడాబుడ్డీ, ఇక్కడ ఏడవకు, రచయిత కావాలని ఏడిపిస్తున్నాడు' అని ఒకచోట. అది చదివి సోడాబుడ్డి నిజంగానే ఏడ్చాడు. ఆ అమ్మాయి చూడనట్టు జిగురు డబ్బా మూత బిగిస్తూ కూర్చుంది.

ఒక రోజు అతను భూతద్దం దించి, "మీరు కళ్ళు చికిలిస్తున్నారు," అన్నాడు.

"అలవాటండీ."

"అలవాటు కాదు, పవర్. అదిగో, ఆ గోడ మీద క్యాలెండర్‌లో అడుగు లైను చదవండి."

"అక్కడ లైనుందా?"

"అయిపోయింది. రేపు మా షాపుకి రండి. ఇన్నాళ్ళూ ఈ కళ్ళతోనా అంత శుభ్రంగా తుడిచారు? కళ్ళు బాగుంటే పుస్తకంలో అచ్చు కూడా మిగిలేది కాదేమో!"

ఆమెకి నవ్వొచ్చింది. చెరిపిన పాపం గురించి అతను జోకు వెయ్యగలగడం అదే మొదటిసారి. ఆ రోజు సాయంత్రం దాకా సూది రెండుసార్లు వేలికి గుచ్చుకుంది, బాబాయి ఓరకంట చూశాడు. మర్నాడు ఆమె వాళ్ళ షాపుకి వెళ్ళి కళ్ళు చూపించుకొచ్చింది.

ఒక ముసురు పొద్దున, ఆకాశం చిల్లు పడ్డట్టు వాన. ఎండ ఊసే లేదు. ఎనిమిదికి అతను సగం తడిసి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇవాళ వెలుతురు లేదండీ. ఏమీ కనపడదు," అంది.

"తెలుసు."

"మరి ఇంత వానలో..."

"తెలిసే వచ్చాను," అన్నాడు, గొడుగు మూసి ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకుని. గొడుగులోంచి నీళ్ళు కారి అతని చెప్పులు తడుస్తున్నాయి. తొమ్మిదింటిదాకా ఇద్దరూ వాన వంక చూస్తూ కూర్చున్నారు, పుస్తకం తెరవలేదు.

ఆమెకి ఆ రోజే భయం పట్టుకుంది.

ఎందుకంటే ఆమెకి ఒక సంగతి మొదట్నుంచీ తెలుసు. రాతలు నూట ఎనభై ఏడో పేజీతో ఆగిపోతాయి. ఆ తర్వాత డెబ్బై పైచిలుకు పేజీలు ఖాళీ. పైగా ఆఖరి పేజీల్లో రాతలు ఒక్కసారి రబ్బరు తగిలించగానే పోయాయి. అప్పుడు 'అమ్మయ్య, పని తేలికైంది' అని సంతోషించింది కూడా. ఆ చేతిలో నొక్కి రాసే బలం అయిపోయిందని, అందుకే తేలిగ్గా పోయాయని ఇప్పుడు అర్థమైంది.

నూట ఎనభై ఏడు వచ్చే రోజున అక్క ఇతనికి ఇంకోసారి పోతుంది. ఆ తర్వాత ఎనిమిదింటికి ఈ గుమ్మంలోకి అతను రావాల్సిన పనీ ఉండదు. ఈ రెంటిలో దేనికి ఎక్కువ భయపడుతోందో ఆమె తనని తాను అడుక్కోలేదు.

*

ఆ పేజీ రానే వచ్చింది. సొట్టలు ఉన్నాయా లేవా అన్నట్టున్నాయి. ఇద్దరూ తలలు ఆనించి మరీ చదివారు.

'ఒరేయ్, వీడు ఇంటికి వెళ్ళడు. రాసిపెట్టుకో. పందెం. ఓడినవాళ్ళు వారం రోజులు టీ పెట్టాలి.'

"తర్వాత?" అన్నాడు అతను ఆత్రంగా. "తర్వాత పేజీ తిప్పండి."

ఆమె తిప్పింది. ఖాళీ. ఇంకోటి. ఖాళీ. అతని ముఖంలో రంగు దిగిపోతోంది. ఆ ముఖం చూడలేకపోయింది.

"ఇక్కడ... నొక్కు లోపలికి దిగలేదండీ. కానీ నాకు గుర్తుంది," అనేసింది. నూట తొంభై నాలుగో పేజీ మీద వేలు పెట్టి, "'పాపం, వీడి మనసు మంచిదే. నువ్వు దిగులుపడకు' అని ఉండింది," అంది.

అతను రాసుకున్నాడు. ఎంత జాగ్రత్తగా రాసుకున్నాడంటే, ఆమెకి అక్కడే నిజం చెప్పేయాలనిపించింది. చెప్పలేదు. మర్నాడు ఇంకోటి కల్పించింది. ఆ మర్నాడు ఇంకోటి. నాలుగోది, 'వీడు తప్పకుండా ఇంటికి చేరతాడు, నా మనసు చెబుతోంది' అని. దానికి అతను కళ్ళు తుడుచుకుని, "అక్క చివర్లో మెత్తబడిందన్నమాట," అన్నాడు.

"ఊఁ," అంది ఆమె.

ఆదివారం పొద్దున అతను వాళ్ళ అమ్మని వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ బట్టలు కుడుతుంది. మెడలో ఇంకా కొలతల టేపు వేలాడుతూనే ఉంది.

"వీడు చదివి వినిపించాడమ్మా. నాకు దాని రాత ముట్టుకోవాలనిపించింది," అంది ఆ అమ్మాయితో.

ఆవిడకి ఎండ అవసరం లేకపోయింది, భూతద్దం అవసరం లేకపోయింది. నలభై ఏళ్ళు గుడ్డలో కుట్టు వరసలు తడిమి చూసిన వేళ్ళు. మార్జిన్ మీద మెల్లగా నడిపిస్తూ, ఒక్కోచోట ఆగి, "ఇదిగో, ఇక్కడ గట్టిగా నొక్కింది, కోపమొచ్చుంటుంది," అని నవ్వుకుంటూ, నూట ఎనభై ఏడు దాకా వచ్చింది. ఆ ఉన్నాయో లేవో అన్న సొట్టలు కూడా ఆవిడ వేళ్ళకి అందాయి. కళ్ళు మూసుకుని కాసేపు అక్కడే ఉంచింది చెయ్యి.

తర్వాత నూట తొంభై నాలుగు. వేళ్ళు పైనుంచి కిందికి వెళ్ళాయి. మళ్ళీ వెళ్ళాయి.

"ఇక్కడేం లేదురా."

"నొక్కు తక్కువమ్మా. ఈవిడకి గుర్తుంది."

"అసలేం లేదు. చెయ్యి పడని కాగితం ఇది." ఆవిడ నోట్‌బుక్కు తీసుకుని నూట ఎనభై ఏడు తర్వాతి నాలుగు మాటలూ మళ్ళీ చదివింది. "నేను అప్పుడే అనుకున్నాను. పందెం కాసి మాట మార్చే పిల్ల కాదది. 'దిగులుపడకు' అన్న మాట దాని నోట ఎప్పుడైనా విన్నావా నువ్వు?"

బాబాయి అట్ట కోస్తున్న కత్తి ఆపేశాడు.

"ఎన్ని?" అన్నాడు అతను.

"నాలుగు," అంది ఆ అమ్మాయి. "నూట ఎనభై ఏడు తర్వాత ఏమీ లేవండీ. మొదట్నుంచీ తెలుసు. మీ ముఖం చూసి..."

"మొదట చెరిపారు. తర్వాత కల్పించారు." అతని గొంతులో కోపం కూడా లేదు, అలసట ఉంది. "చెరిపినప్పుడు మీకు తెలియక చేశారు. దాన్ని క్షమించడం తేలికైంది."

నోట్‌బుక్కు, పుస్తకం తీసుకుని వెళ్ళిపోయాడు. భూతద్దం కిటికీ మీదే మర్చిపోయాడు.

*

మూడు వారాలు. ఎనిమిదింటికి ఎండ తన మానాన తను వచ్చి, కిటికీ కింద బల్ల మీద పడి, తొమ్మిదింటికి వెళ్ళిపోయేది. ఆ అమ్మాయి లైబ్రరీ పుస్తకాలు ముందేసుకునేది గానీ రబ్బరు పట్టుకుంటే చెయ్యి ఆడేది కాదు. ఎవరో 'ఇది నిజం' అని రాసుకుంటారు. ఇంకెవరో ఒక వాక్యం కింద రెండు గీతలు గీస్తారు. ఆ ఇంకెవరో ఇప్పుడు ఎక్కడున్నారో, ఉన్నారో లేదో. తుడిచే ముందు వాటిని ఒక కాగితం మీద ఎక్కించి ఆ పుస్తకం అట్ట లోపల దాచడం మొదలుపెట్టింది. బాబాయి చూసి, "లైబ్రరీవాళ్ళు చూస్తే మన పని పడతారు తల్లీ," అన్నాడు, అని తనే ఒక కాగితాల కట్ట తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.

నాలుగో వారం వాళ్ళ అమ్మ వచ్చింది. ఒక్కతే. చేతిలో కళ్ళద్దాల పెట్టె.

"నీవేనటమ్మా. ఎప్పుడో తయారయ్యాయట. ఇచ్చిరమ్మన్నాడు. నువ్వే వెళ్ళొచ్చు కదరా అంటే కాళ్ళ నొప్పులన్నాడు. ముప్పై ఏళ్ళకే!"

ఆమె పెట్టె తీసుకుంది గానీ తెరవలేదు. "నన్ను తిట్టండి ఆంటీ," అంది.

"తిడదామనే వచ్చాను," అంది ఆవిడ కూర్చుంటూ. "అది పోయాక ప్రతివాళ్ళూ వాణ్ణి ఓదార్చేవాళ్ళే. మెత్తటి మాటలు, భుజం తట్టడాలు. అది ఉన్నన్నాళ్ళూ వాడికి ఒక్క మెత్తటి మాట చెప్పలేదు, కొట్లాడింది. కొట్లాడి కొట్లాడి వీణ్ణి మనిషిని చేసింది. ఇప్పుడు వాడితో కొట్లాడేవాళ్ళే లేరమ్మా, అదీ వాడి బాధ. నువ్వూ దాని పేరు పెట్టి ఇంకో ఓదార్పే చెప్పావు."

ఆ అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"దాని మాటలు అక్కడితో అయిపోయాయి తల్లీ. కన్నదాన్ని, నేనే ఒప్పుకున్నాను. నువ్వు ఎవరివి సాగదీయడానికి?" మాట కటువుగానే ఉంది గానీ, ఆవిడ చెయ్యి ఆమె తల మీదుంది. "ఏదైనా చెప్పాలనుంటే నీ మాటగా చెప్పు."

*

మళ్ళీ ముసురు పట్టింది. ఎనిమిదింటికి గుమ్మంలో గొడుగు ముడుచుకున్న చప్పుడు.

అతను పుస్తకం బల్ల మీద పెట్టాడు. "బైండింగ్‌కి కాదు," అన్నాడు.

ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని తెరిచింది. ఎడమవైపు మార్జిన్లు తెల్లగా అలాగే ఉన్నాయి. వాటిని అతను ముట్టుకోలేదు. కుడివైపు మాత్రం, మొదటి పేజీ నుంచీ, పెన్సిల్‌తో అతని జవాబులు. 'అబద్ధం' అన్నదానికి, 'ఆకలేస్తే నువ్వు మాత్రం గంటసేపు మాట్లాడేదానివి కాదా?' అని. నూట ఎనభై ఏడు తర్వాత కూడా ఆగలేదు. చివరి దాకా రాశాడు.

ఆఖరి పేజీలో, 'పందెం నువ్వే గెలిచావక్కా. వీడు ఇంటికి వెళ్ళలేదు. వారం రోజుల నుంచీ టీ పెడుతున్నాను. కప్పు అలాగే చల్లారిపోతోంది.'

ఆమె అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"అప్పుడు 'మీ ముఖం చూసి' అన్నారు కదా," అన్నాడు అతను, వాన వైపు చూస్తూ. "నా ముఖం గురించి ఒకరు అంత కంగారుపడ్డారన్న సంగతి నాకు తర్వాత తట్టింది. కోపం తగ్గాక."

"తప్పేనండీ అది."

"తప్పే. అయినా ఎనిమిదయ్యేసరికి కాళ్ళు ఇటే లాగుతున్నాయి, ఏం చెయ్యను?" పెన్సిల్ తీసి ఆమె ముందు పెట్టాడు. "ఎడమవైపు నూట ఎనభై ఏడు దాకా అక్కది. తర్వాతదంతా ఖాళీ."

"అక్కగారి మార్జిన్ అది."

"అక్కలా రాయొద్దు. మంచిమాటలు అసలే రాయొద్దు. మీకేమనిపిస్తే అది రాయండి."

ఆమె నూట ఎనభై ఎనిమిదో పేజీ చదివింది. కుడివైపు అతను రాశాడు: 'వీడు ఒట్టి పిరికివాడు. ఇల్లు కనపడేంత దూరం వచ్చి వెనక్కి తిరిగాడు.' ఆమెకి నిజంగానే ఒళ్ళు మండింది. ఇది కాదు, వీడు అలాంటివాడు కాదు. పుట్టి బుద్ధెరిగాక పుస్తకం మీద ఒక్క చుక్క పెట్టని మనిషి, పెన్సిల్ అందుకుంది. ఎడమవైపు రాసింది.

'కాదండీ. వెనక్కి తిరగడానికి ముందు గంటసేపు వానలో నిలబడ్డాడు. పిరికివాడు అంతసేపు నిలబడడు. ఎవరైనా లోపలికి రమ్మంటే వచ్చేవాడు.'

అతను ఆమె భుజం మీదుగా చదివాడు. గొడుగు ఇంకా అతని చేతిలోనే ఉంది, నీళ్ళు కారుతూ.

"రమ్మంటారా?" అన్నాడు.

"గొడుగు ఆ మూల పెట్టి కూర్చోండి. టీ పెడతాను, చల్లారకముందే తాగాలి." తల ఎత్తకుండానే అంది. ఇంకో వాక్యం రాస్తోంది.

"ఎందుకండీ అంత నొక్కుతున్నారు? కాగితం చిరుగుతుంది."

"కాగితం సంగతి నాకు చెప్పకండి," అంది ఆ అమ్మాయి. "రేపెప్పుడో నాలాంటిది ఎవరైనా వచ్చి తుడిచినా, ఇది ఉండాలి."

ఇంకా గట్టిగా నొక్కి రాసింది.